తమ్ముడి కణాలు

ఫిబ్రవరి 3

వదినగారికి,

కుశలప్రశ్నలు తర్వాత. ముందు విషయం చెప్పేస్తాను, నిలబడి చదువుతుంటే కూర్చోండి. మీ తమ్ముడు బతికే ఉన్నారు. లాండ్రీలో ఆవిరి గొట్టం పగిలింది. ఆయన అటు తిరిగి దుప్పట్లు మడతపెడుతున్నారట. వీపంతా, రెండు కాళ్ళ వెనకవైపూ కాలిపోయాయి. మొహం, చేతులు బాగున్నాయి. మాట్లాడుతున్నారు. నాతో కాదు, నర్సులతో.

మామూలుగా అయితే ఒంటి మీద బాగున్న చోట చర్మం తీసి కాలిన చోట అతికిస్తారట. ఈయనకి కాలినది చాలా ఎక్కువ, తియ్యడానికి వీలైన చర్మం చాలదని డాక్టరన్నారు. అందుకని చంక దగ్గర తపాలా బిళ్ళంత ముక్క కోసి, చల్లటి పెట్టెలో పెట్టి మీ ల్యాబుకి పంపారు. అక్కడ దాన్ని పెంచి, పలచటి పొరలుగా తిరిగి పంపుతారన్నారు. చర్మాన్ని పెంచడమేమిటి వదినా, అదేమన్నా మొక్కా? ఇక్కడ నన్ను కూర్చోబెట్టి చెప్పే తీరిక ఎవరికీ లేదు. మీకు ఆ పనే కాబట్టి అడుగుతున్నాను. నా బుర్రకెక్కేలా చెప్పండి.

వార్డులోకి ఫోను రానివ్వరు. బయటికొచ్చి మీకు చేద్దామని నంబరు నొక్కాను కూడా, మోగకముందే పెట్టేశాను. పెట్టె తీసుకెళ్ళే బండి డ్రైవరు మంచివాడు, ఉత్తరం ఇస్తే చేరుస్తానన్నాడు.

ఇంకో మాట. ఆ రోజు ఆయనకి సెలవు. సెలవునాడు పనికెందుకు వెళ్ళాడని అడగబోతారు మీరు. అడక్కండి.

మీ మరదలు


ఫిబ్రవరి 6

ఒసేయ్ మరదలా,

నీ ఉత్తరం, మావాడి చర్మం ఒకే బండిలో వచ్చాయి. పెట్టె మీద నంబరే ఉంటుంది, పేరుండదు. డ్రైవరు ముందు పెట్టె ఇచ్చాడు, తర్వాత జేబులోంచి కాగితం తీశాడు. రెంటినీ పట్టుకుని మెట్ల మీద కూలబడ్డాను. కూర్చోమని నువ్వు రాసింది తర్వాత చదివాను.

నీకో రహస్యం చెప్తాను, నీ దగ్గరే ఉంచుకో. సొంతవాళ్ళ ముక్క వస్తే మేం మా ల్యాబు పెద్దావిడకి చెప్పాలి, ఆవిడ దాన్ని ఇంకొకరికి అప్పగిస్తుంది. అదీ ఇక్కడి నియమం. నేను చెప్పలేదు. ఎలా చెప్పను? అమ్మ పోయేనాటికి వాడికి చెప్పులు ఏ కాలివి ఏ కాలికో కూడా తెలీదు. అప్పట్నించీ చూసుకుంటున్నదాన్ని, ఇప్పుడు ఎవరి చేతుల్లోనో పెట్టనా?

సరే, పెంచడం గురించి. ఆ ముక్కని మందులో నానబెట్టి కణాల్ని విడదీస్తాం. ఫ్లాస్కులనే చదునైన సీసాల అడుగున పరుస్తాం, ఒంటి వేడికి సరిపోయే వెచ్చటి అరలో పెడతాం, పోషక ద్రవం పోస్తాం. దాన్ని మేం తిండి అంటాం. అంతే మా పని. పెరగడం వాటి పని. పెరగడమంటే సాగడం కాదు తల్లీ, ఒక్కొక్కటీ రెండు కావడం.

ఇళ్ళల్లో పంపకాలు చూశావుగా. పెద్దవాడికి బీరువా, చిన్నవాడికి ఏడుపు. కణం అలా పంచదు. విడిపోయే ముందే ఉన్నదానికంతటికీ నకలు తీసుకుంటుంది. లోపల క్రోమోజోములని దారాల్లాంటివి ఉంటాయి, మనిషి ఎలా తయారవ్వాలో రాసి ఉండేది వాటిలోనే. నకళ్ళు అయ్యాక ఆ దారాలు పొట్టిగా, లావుగా చుట్టుకుంటాయి. జతలు జతలుగా నడిమధ్యకొచ్చి వరస కడతాయి. అటూ ఇటూ నుంచి సన్నటి పోగులొచ్చి ప్రతి జతనీ విడదీసి, చెరొకదాన్నీ చెరో కొసకి లాగుతాయి. ఎక్కువ తక్కువల పేచీ లేదు. తర్వాత కణం నడుము సన్నబడి, ఇంకా సన్నబడి, పుటుక్కున తెగుతుంది. ఒకటి రెండైంది. రెండూ అచ్చంగా మావాడే.

ఇంకా మొదలెట్టలేదులే. మీ ఆయనవి కదా, బద్ధకం. ముసుగు తన్ని పడుకున్నాయి. రోజూ పొద్దున్నే తిడుతున్నాను, లేస్తాయి.

సెలవునాడు ఎందుకెళ్ళాడని నేనడగను. కానీ నువ్వు తిండి మానేస్తే మాత్రం ఊరుకోను.

నీ ఆడపడుచు, నోరున్నది


ఫిబ్రవరి 10

వదినా,

మీ ఉత్తరం ఆయనకి చదివి వినిపించాను. గౌను తొడిగి, నెత్తికి టోపీ పెట్టి నన్ను లోపలికి పంపుతున్నారు, ఓ మూల కుర్చీ వేసి. బోర్లా పడుకుని ఉంటారు కాబట్టి నాకు ఆయన చెవి, సగం చెంప కనబడతాయి. బద్ధకం అన్నచోట ఆ చెంప కదిలింది. "అక్క తిడితేగాని నేను ఎప్పుడు లేచాను" అన్నారు. నాతో అన్నారో, దిండుతో అన్నారో.

పంపకాలది బాగా అర్థమైంది. కానీ ఒక అనుమానం. విడిపోయేటప్పుడు వాటికి నొప్పి ఉంటుందా? నవ్వకండి.

ఇంకో అనుమానం కూడా ఉంది, ఇది నిజంగానే అడుగుతున్నాను. మనిషికి మనసు విరిగితే, ఆ సంగతి కణాలకి తెలుస్తుందా? ఒంట్లోంచి తీసేశాక కూడా? ఇంకా మొదలెట్టలేదన్నారుగా మీరు. అది చదివినప్పట్నించీ నాకు అదే ఆలోచన. ఆయనకి లేవాలని లేదేమోనని.

మీ మరదలు


ఫిబ్రవరి 14

మరదలు పిల్లా,

మొదలెట్టాయి! మైక్రోస్కోపు కింద ఇవాళ చూశాను. పక్కపక్కన చదునుగా అతుక్కుని ఉండేవాటిలో ఒకటి గుండ్రంగా పైకి లేచింది. విడిపోబోయే కణం అలాగే లేస్తుంది. మధ్యలో దారాల వరస నల్లటి గీతలా కనబడింది. టీ తాగడానికి రమ్మని బయట నుంచి పిలుస్తున్నారు, నేను కదిలితే ఒట్టు. ఆ గీత రెండు గీతలై, దూరం జరిగి, నడుం పడి, రెండు కణాలై, మళ్ళీ చదునుగా సర్దుకున్నాయి. ఈ ఉద్యోగంలో ఎన్ని చూశానో. ఇదొక్కటే ఏడిపించింది. టీ చల్లారిపోయింది.

నొప్పుండదే పిచ్చిదానా. నొప్పి తెలియడానికి నరాలుండాలి, ఒంటరి కణానికి నరాలెక్కడివి? తల్లి కణం, పిల్ల కణాలు అంటాం గానీ, పిల్లలు పుట్టాక తల్లి అంటూ వేరే ఎవరూ మిగలరు. తనే ఇద్దరైపోతుంది. మనకా సుఖం లేదు.

ఫ్లాస్కుల అంచుల దాకా పాకేస్తున్నాయి. వచ్చే వారానికి పొరలు తయారవుతాయి. రోజూ పలకరిస్తున్నాను, నువ్వు అడిగానన్నావని కూడా చెప్పాను.

మనసు సంగతా? మనసు బాగుంటే అన్నీ బాగుంటాయి. వాడి దగ్గర కాస్త నవ్వుతూ ఉండు. మొహం మాడ్చుకుని కూర్చుంటే వాడి కణాలేం ఖర్మ, నా కణాలు కూడా పెరగవు.

ప్రేమతో, పొంగిపోతూ
మీ వదిన


ఫిబ్రవరి 19

చిరంజీవి మరదలికి,

మొదటిసారి వేసిన కణాలు పనికి రాలేదు. ఒక్కోసారి ఇలా జరుగుతుంది. ఇందులో ఎవరి తప్పూ లేదు. వచ్చినది చిన్న ముక్క కావడం వల్ల అందులోంచి విడిగా తీసి ఉంచినది ఏమీ లేదు. మరో ముక్క తీసి పంపవలసిందని డాక్టరుగారికి మా ల్యాబు నుంచి రాశారు. తమ్ముణ్ణి ధైర్యంగా ఉండమను.

మీ వదిన


ఫిబ్రవరి 22

వదినా,

ఎవరి తప్పూ లేదని మీరు నన్ను కాపాడడానికి రాశారు. నాకు తెలుసు. ఉత్తరాల్లో ఎప్పుడూ లేనిది 'చిరంజీవి మరదలికి' అని మొదలెట్టారు, అప్పుడే అర్థమైంది. తప్పు నాది. మనసు బాగుంటే అన్నీ బాగుంటాయని మీరే రాశారుగా. బాగుండకుండా చేసింది నేను.

సెలవునాడు ఎందుకెళ్ళారో చెప్తాను. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు, పడనివ్వండి. పొద్దున్నే మా పక్కింటావిడ మనవణ్ణెత్తుకుని గుమ్మంలో నిలబడింది. వాడు ఆయన మెడ పట్టుకుని వదల్లేదు. ఆవిడ వెళ్ళాక ఆయన, "మనకీ ఒకడుంటే బాగుండేది కదూ" అన్నారు. మామూలుగా అన్నారు వదినా, నన్ను ఎత్తిపొడుస్తూ కాదు. కానీ నాకు మండింది. ఎన్ని ఆసుపత్రులు తిరిగాను, ఎన్ని సూదులు పొడిపించుకున్నాను! "మీ దాంట్లో ఏదీ పెరగదు, నన్నేమంటారు" అన్నాను. డాక్టర్లు అలా అనలేదు. లోపం ఎవరిదీ కాదన్నారు. అయినా అన్నాను. ఆయన చొక్కా తగిలించుకుని పనికి వెళ్ళిపోయారు. తర్వాత గొట్టం పగిలింది.

మీ ఉత్తరం వచ్చాక ఆయనకి చెప్పాల్సి వచ్చింది. కణాలు పెరగలేదటండీ, ఇంకోసారి కోస్తారట అన్నాను. మొహం అటు తిప్పుకున్నారు. తర్వాత, "నువ్వు అన్నది నిజమే. నాది ఏదీ పెరగదు" అన్నారు. అంతే, రెండోసారి కోయించుకోనని డాక్టరుకి చెప్పేశారు. బతిమాలాను. కాళ్ళు పట్టుకుందామంటే పట్టుకునేందుకు కాళ్ళు కూడా కట్లలో ఉన్నాయి. "అక్క చేతిలోనే పెరగనిది ఇంకెక్కడ పెరుగుతుందే, వదిలెయ్" అంటున్నారు.

పొర కప్పకపోతే పుండు చీము పడుతుందని, అది రక్తంలోకి పాకితే తన చేతుల్లో ఉండదని డాక్టరు నన్ను బయటికి పిలిచి చెప్పారు. రెండో ముక్క తియ్యడం ఈ వారం దాటనివ్వద్దన్నారు. మీరు చెబితే వింటారు. ఏదో ఒకటి రాయండి. అబద్ధమైనా సరే, నీవి మంచి కణాలేరా అని రాయండి.

పాపిష్టిది
మీ మరదలు


ఫిబ్రవరి 24

తల్లీ,

అబద్ధం రాయనక్కర్లేదు. రాసిందే అబద్ధం.

ఈ ఉత్తరం వాడికి చదివి వినిపించు. ఒక్క అక్షరం కూడా వదలకు, నా మీద జాలిపడి ఎక్కడా మింగెయ్యకు.

ఒరేయ్ తమ్ముడూ, నీ కణాలు పెరిగాయి. అంచుల దాకా పెరిగాయి. నేను చూసినవాటిలో అంత చక్కగా నిండినవి తక్కువ. వాటిని చంపింది నేను.

తిండి మార్చే రోజది. గాలి వడకట్టే గాజు అర ముందు కూర్చుని, అద్దం కింద నుంచి చేతులు మాత్రమే లోపల పెట్టి పని చెయ్యాలి. మూతికి మాస్కు ఉండాలి. మూత తీసిన ఫ్లాస్కు దగ్గర నోరు మెదపకూడదు. కొత్తగా చేరినవాళ్ళకి ఈ మాట నేర్పేది నేనే. ఆ రోజు తిండి సీసా మూతా తీశాను, ఫ్లాస్కుల మూతలూ తీశాను. అన్నీ నిండుగా ఉన్నాయి. నువ్వే ఎదురుగా కూర్చున్నట్టు అనిపించింది. అద్దం పైకెత్తాను, మాస్కు గడ్డం కిందికి లాగాను, తల లోపలికి పెట్టి నీతో మాట్లాడాను. అంతకు ముందు రోజుల్లోనూ తిట్టాను, పలకరించాను, కానీ మూతలున్నప్పుడు. ఆ రోజు ఆగలేకపోయాను. నోట్లోంచి తుంపర పడితే ఏమవుతుందో తెలిసి కూడా, ఒక్కసారికి ఏమవుతుందిలే అనుకున్నాను. మాస్కు పైకి లాక్కుని, ఆ సీసాలోంచే అన్నిటికీ తిండి పోశాను.

మర్నాటికే ద్రవం బియ్యం కడిగిన నీళ్ళలా మబ్బేసింది. మనిషి నోట్లో బతికే సూక్ష్మజీవులు. వాటికి దారాలు వరస కట్టడం, నడుం సన్నబడడం, ఈ తతంగమేదీ లేదు, ఇంతలోకే రెండవుతాయి. ద్రవంలో కలిపే మందు వాటిని ఆపలేకపోయింది. అన్ని ఫ్లాస్కులూ పారెయ్యాల్సి వచ్చింది. పారేసిందీ నేనే. పెద్దావిడ అడిగితే కారణం తెలీదన్నాను. నీ పెళ్ళానికి, ఎవరి తప్పూ లేదని రాశాను. అది దాని తప్పనుకుని ఏడుస్తుందని నాకు తట్టనే లేదు. నా తప్పు దాచుకునే తొందరలో ఉన్నాను కదా, ఇంకొకరి సంగతి ఎక్కడ తడుతుంది?

అమ్మాయ్, మనిషి మనసు ఫ్లాస్కులో ఉండదు. మనసు బాగుంటే అని నేనేదో వాగాను, నా నోటికి అలవాటు. వాటికి కావలసింది వెచ్చదనం, తిండి, శుభ్రం. మూడోది నేనివ్వలేదు. మీ ఇద్దరి మధ్య ఏం మాటలు నడిచినా వాటికి ఒక్కటీ చేరలేదు.

పొద్దున పెద్దావిడ గదికెళ్ళి అంతా చెప్పాను, సొంత తమ్ముడన్నది కూడా. ఆవిడ అరవలేదు. "తప్పు జరిగిందని కాదు, చెప్పకుండా ఉన్నావని" అంది. కణాలు పెంచే గదిలోకి నన్నిక రావద్దంది. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తర్వాత తేలుస్తారు. అది నువ్వు ఆలోచించకు.

ఇంకో ముక్క ఇవ్వరా. నా దగ్గరికి రాదు. పక్క బల్ల మీద పనిచేసే ఆవిడ చేస్తుంది, ఆవిడ పని దగ్గర నోరు విప్పగా నేనెప్పుడూ చూడలేదు. ఇన్నాళ్ళూ దానికి ఆవిణ్ణి ఆటపట్టించేదాన్ని.

అక్క


ఫిబ్రవరి 25

వదినగారికి,

చదివాను. ఒక్క అక్షరం వదల్లేదు. అంచుల దాకా పెరిగాయి అన్నచోట ఆయన ఆపమన్నారు. మళ్ళీ చదవమన్నారు. మళ్ళీ చదివాను. తర్వాత డాక్టరుని పిలవమన్నారు.

ముక్క ఈ బండిలోనే వస్తోంది. మీరు ముట్టుకోవద్దు. ఆ పెట్టె దరిదాపులకి కూడా రావద్దు.

ఎవరి తప్పూ లేదని మీరు రాసిన కాగితం దిండు కింద పెట్టుకుని పడుకున్నాను నేను. వదిన ఎంత మంచిది, నన్ను వెనకేసుకొస్తోంది అని. ఆ మాట మీద నేను ఆయన్ని చావు దాకా తీసుకెళ్ళాను. ఇంకేం రాయను. రాస్తే చాలా రాస్తాను.


మార్చి 6

అమ్మాయ్,

నువ్వేం రాసినా తక్కువే.

నేను బయటి గదిలో గాజు సామాను కడుగుతున్నాను. నన్ను విచారణకి పిలిచేవరకూ ఇదే పని. పెంచే గది తలుపుకి చిన్న అద్దం ఉంది, అటుగా వెళ్ళాల్సి వస్తే తల దించుకుని వెళ్తున్నాను. చూడలేదు, అడగలేదు. పక్కబల్లావిడే నిన్న నా తొట్టి దగ్గరికొచ్చి, "లేచాయి" అని ఒక్క మాట చెప్పి వెళ్ళిపోయింది. నీకు చెప్పాల్సిన కబురు కాబట్టి రాస్తున్నాను. నాకు జవాబు అక్కర్లేదు.

వదిన


ఏప్రిల్ 2

వదినా,

జవాబు అక్కర్లేదన్నారు గానీ, రాస్తున్నాను.

పొరలు వచ్చాయి, అతికించారు. నిన్న కట్లు విప్పారు. నన్ను ఉండనిచ్చారు. ఉల్లిపొర కన్నా పలచగా, గులాబీ రంగులో, అక్కడక్కడా ముడతలు పడి ఉంది. పట్టుకుంది అన్నారు డాక్టరు. వీపు దాదాపుగా అంతా పట్టుకుంది. కుడికాలు కూడా.

ఎడమ మోకాలి వెనక పట్టుకోలేదు. రెండో ముక్క పెరిగేలోపు అక్కడ చీము పట్టేసింది. పైచర్మం వస్తుంది గానీ బిగిసిపోతుందట, మోకాలు పూర్తిగా కదలదన్నారు. నిలబడి చేసే పని ఇక కష్టమన్నారు. మొదటి పొరలే వచ్చి ఉంటే ఇలా అయ్యేది కాదా అని అడిగాను. "చెప్పలేం" అన్నారాయన. మర్యాదస్తుడు.

మేమిద్దరం మాట్లాడుకున్నాం. ఆ పొద్దుటి మాట గురించి. అన్నందుకు నేను ఏడ్చాను, విని వెళ్ళిపోయినందుకు ఆయన ఏడ్చారు. బోర్లా పడుకున్న మనిషి ఏడిస్తే తుడవడం ఎంత కష్టమో మీకు తెలీదు.

మీ మీద కోపం లేదని ఆయన రాయమన్నారు. రాశాను. నాకుంది. ఆయన కుంటుకుంటూ నడిచే ప్రతిసారీ ఉంటుంది, దాచను. కానీ ఆ కోపం ఉత్తరాల్లో పట్టేది కాదు, ఎదురుగా కూర్చోబెట్టి తిట్టాలి మిమ్మల్ని. మీరు మాత్రం ఎవరికి చెప్పుకుంటారు, మేం తప్ప? రండి.

ఆయన ఒకటి అడగమన్నారు. అంతా వివరంగా రాశారు, అద్దం ఎంత ఎత్తారో, మాస్కు ఎక్కడికి దించారో కూడా. ఏం మాట్లాడారో రాయలేదు. "అక్క నాతో ఏమంది?" అని అడుగుతున్నారు.

మీ మరదలు


ఏప్రిల్ 5

అమ్మాయ్,

అది రాయడానికే చెయ్యి రాలేదు, అప్పుడూ, ఇప్పుడూ. వాడు అడిగాడు కాబట్టి రాస్తున్నాను. మాస్కు దించి, ఆ మూతలు తీసిన ఫ్లాస్కుల మీదకి వంగి, "భయపడకురా, నేనున్నాగా, నీకేం కానివ్వను" అన్నాను. ఇంకేం అనలేదు.

శనివారం బస్సెక్కుతున్నాను. గౌను ఇస్తే తొడుక్కుంటాను, ఏ మూల నిలబడమంటే ఆ మూల నిలబడతాను. నువ్వు తిట్టు, నేను వింటాను. మాస్కు మాత్రం తియ్యను.

వదిన